దయయు నిగ్రహమును

బంగారుపాళ్యం ప్రాంతమున మామిడిపూత ముగిసి పిందె దిగు వేళకు పెరటి పొదలలో పిగిలిపిట్టలు గూళ్లు కట్టుట కలదు. సన్నని పుల్లలతోను, వేళ్లతోను అల్లిన ఆ చిన్న దొప్పలో రెండు మూడు గ్రుడ్లుండును. సుమారు రెండు వారములు పొదిగిన పిమ్మట కన్నులు తెరవని, ఈకలు లేని కూనలు వెలువడును. మరి రెండు వారములలోపుననే అవి గూడు విడుచును. అంతవరకు తల్లిదండ్రులు రెండును మేత తెచ్చుటలో విశ్రాంతి యెరుగవు.

ఆ శ్రమను చూచిన గృహస్థుని మనస్సు కరుగుట సహజము. కరిగిన మనస్సు వెంటనే ఆకులు తొలగించి చూడగోరును, నూకలు పెట్టగోరును, కూనను చేతికెత్తుకొనగోరును. ఇది దయయా, లేక దయ వేషము ధరించిన కుతూహలమా? ఆకులు తొలగిన గూడు కాకి కంటబడును. మనిషి నిలిచియున్నంతసేపు తల్లి గూటికి రాదు, కూనలు పస్తుండును. పండ్లు తిను పిగిలిపిట్ట సైతము పసికూనలకు పురుగులను తెచ్చిపెట్టును. నూకలు వాటికి తగిన ఆహారము కావు.

అట్లని చేతులు ముడుచుకొనుటయే ధర్మమా? కాదు. ఈకలు రాని కూన నేలబడినచో మెల్లగా తీసి గూటిలో నుంచవలెను. మనిషి తాకిన పిల్లను తల్లి విడిచివేయునను లోకవాదము సరికాదు. ఈకలు వచ్చి నేలపై గంతులిడు పిల్ల మాత్రము అనాథ కాదు. అది ఎగుర నేర్చుచున్నది. పెంపుడు పిల్లిని ఇంట కట్టడి చేయుటయే దానికి చేయదగిన ఉపకారము.

గ్రుడ్డు నపహరించిన కాకిని జనులు దూషింతురు. కాని కాకి గూటను కూనలు నోళ్లు తెరచియుండును. అది ఆకలికై చేసిన పని. తేనెమంచు పురుగునకై మామిడితోపులలో చల్లు మందు ఇతర పురుగులను గూడ చంపి పిట్టకూనల మేతను హరించును. ఆకలి లేకయే, గూటిని కన్నెత్తి చూడకయే కీడు చేయుట మానవునికే చెల్లినది. పంట రైతునకు జీవనాధారము. దానిని విడువుమనుట న్యాయము కాదు. అవసరమునకు మించి చల్లకుండుట మాత్రము అతని చేతిలోని పని.

ఇట్టి నిగ్రహము ఒక్క యింటికే గాక ఊరికంతకును అలవడగలదు. పూర్వపు అనంతపురము జిల్లాలోని వీరాపురమునకు ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చెట్లపై పిల్లలను పెంచుటయు, గ్రామస్థులు వాటిని బెదరింపక కాపాడుటయు తరతరములుగా సాగివచ్చిన ఆచారము. పెరటి పొదను కత్తిరింపబోవువాడు అందు గూడు కనిపించినచో ఒక నెల ఆగుటకు అంతటి ఊరును అక్కరలేదు. కత్తి పక్కన పెట్టిన చాలును.