మరచిపోయినవారికి మనం బాకీ ఉన్నామా?

చనిపోయినవారికి మనం బాకీ ఉండగలమా? అప్పు తీర్చకుండా పోయిన తండ్రి సంగతి కాదు నేనడిగేది. ఎన్నడూ మన ముఖం చూడని మనిషి, మనకోసం అని కూడా అనుకోకుండా, ఒక మంచి పని చేసి వెళ్లిపోయాడనుకోండి. ఆ పనిని మనం మరచిపోతే అతనికి అన్యాయం చేసినట్లా?

భద్రాచలం దగ్గర మనం చూసే గోదావరే పాపికొండల ఇరుకులో దూరి, రాజమండ్రి దగ్గర బయటపడుతుంది. ఆ ఊళ్లో 1897లో దామెర్ల రామారావు పుట్టాడు. పుస్తకాల మీద కంటే బొమ్మల మీదే ధ్యాస ఉన్న కుర్రవాడు. అక్కడి ఆర్ట్స్ కాలేజీలో ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు, తానూ చిత్రకారుడే కనుక, ఆ చేతిలోని పనిని గుర్తుపట్టాడు. బొంబాయిలోని జె.జె. కళాశాలకు వెళ్లి చదువుకోవడానికి ఆసరా అయ్యాడు. రామారావు చదువు ముగించుకుని రాజమండ్రికే తిరిగివచ్చాడు. 'పుష్పాలంకారం', 'సిద్ధార్థ రాగోదయం' వంటి చిత్రాలు వేశాడు. వాటితోపాటు తూర్పు కనుమల మధ్య సాగే గోదావరినీ వేశాడు. మిత్రులను, శిష్యులను కూడగట్టి చిత్రకళకు ఆంధ్రదేశంలో ఒక నీడ కల్పించాడు. 1925 ఫిబ్రవరిలో మశూచి వచ్చి పోయాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు.

అతని చిత్రాలు రాజమండ్రిలో అతని పేరుతోనే ఉన్న చిత్రశాలలో ఉన్నాయి. పుష్కరాలకు లక్షలమంది ఆ ఊరు వెళ్తారు. వారిలో ఆ గుమ్మం ఎక్కేవారు ఎందరు?

"అయితే ఏమైంది? ఆయనకు తెలుస్తుందా ఏమిటి?" అంటారు కొందరు. ఈ మాటను తేలికగా తీసెయ్యలేం. హాలెండు దేశపు చిత్రకారుడు వెర్మీర్ 1675లో చనిపోయాడు. రెండు వందల ఏళ్లపాటు ఆ పేరు చాలామందికి తెలియదు. 1866లో తోరె అనే ఫ్రెంచి విమర్శకుడు అతని గురించి రాశాక లోకం కళ్లు తెరిచింది. ఆ కీర్తిలో ఒక్క పైసా కూడా అప్పులతో పోయిన వెర్మీర్ చేతికి గానీ, అతని భార్యాపిల్లలకు గానీ అందలేదు. లాభపడింది మనమే. అటువంటప్పుడు "మేము ఆయనకు న్యాయం చేశాం" అని చెప్పుకోవడంలో కొంత గొప్పలు పోవడం లేకపోలేదు.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. బడికి కప్పు లేదు, ఆసుపత్రిలో మందు లేదు. పాత బొమ్మలకు అద్దాలు ఎందుకు? బిడ్డ మందుకూ బొమ్మ అద్దానికీ మధ్య ఎంచుకోవలసి వస్తే మందే ముందు. అందులో సందేహం లేదు. కాని మన డబ్బు ఎప్పుడూ ఆ రెంటి మధ్యే నలుగుతోందా? నాలుగు రోజులు వేలాడి చిరిగిపోయే ఫ్లెక్సీలకు మన వీధుల్లో పోసే ఖర్చు చూడండి, మీకే తెలుస్తుంది.

నా దృష్టిలో మన బాకీ ఆయన కీర్తికి కాదు. కీర్తికే బాకీ అయితే గొప్పవారికి తప్ప ఎవరికీ చెల్లించనక్కర్లేదు. ఒక మనిషి ఒక కొండను, ఒక నీటిపాయను ఎంతో శ్రద్ధగా చూసి, ఆ చూపును కాగితం మీద పెట్టి వెళ్లాడు. నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోతాయి, చెమ్మకు పాడవుతాయి. అవి ఉండగానే చూడడం, అంతే మనవంతు. పోలవరం జలాశయం పూర్తిగా నిండితే ఆ లోయలో ఎన్నో ఊళ్లు మునుగుతాయి. 2014 దాకా మన ఖమ్మం జిల్లాలో ఉన్న ఊళ్లు కూడా వాటిలో ఉన్నాయి. రేపు ఆ లోయ నిన్న ఎలా ఉండేదో మన మనవలు అడిగితే చూపడానికి ఏముంటుంది?

ఆ బొమ్మలు మిగలడం వెనుక ఇతరులున్నారు. రామారావు పోయాక అతని మిత్రుడు వరదా వెంకటరత్నం, తానూ చిత్రకారుడై ఉండి, మిత్రుడి పేరునూ పనినీ నిలబెట్టడానికి పాటుపడ్డాడు. భార్య సత్యవాణి బొమ్మలు వేసింది. చెల్లెలు బుచ్చికృష్ణమ్మా వేసింది. ఈ ఇద్దరు స్త్రీల పేర్లు ఎందరు విన్నారు? ఒకరిని గుర్తు చేసుకునేటప్పుడు ఆ వెలుగు పక్కనే ఇంకొకరిమీద నీడ పడుతుంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

కొత్తగూడెంలో ఈ మాట మనకు కొత్తగా ఉండకూడదు. 1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు తీయడం మొదలైనప్పటినుండి ఎన్ని వేలమంది భూమిలోకి దిగారు! వారు తీసిన బొగ్గుతో రైళ్లు నడిచాయి, దీపాలు వెలిగాయి. వారిలో ఎందరి పేర్లు మనకు తెలుసు? మన ఇళ్లలో ట్రంకుపెట్టె అడుగున తలపాగా చుట్టుకున్న తాతగారి ఫోటో ఒకటి ఉంటుంది. పక్కన నిలబడ్డది ఎవరంటే అమ్మమ్మ ఒక్కతే చెప్పగలదు. ఈ ఆదివారం ఆమెను అడగండి. చెప్పిన పేరు, ఊరు, సంవత్సరం ఫోటో వెనుక పెన్సిలుతో, నొక్కకుండా రాయండి. సిరా అయితే ముందువైపుకు ఊరుతుంది.