మంత్రాలయం రోడ్: రైలు ప్రయాణమూ యాత్రాఫలమూ

గుంతకల్లు నుంచి రాయచూరుకు పోయే రైలుమార్గం తుంగభద్రను దాటడానికి ముందు, కర్నూలు జిల్లా అంచున, మంత్రాలయం రోడ్ అనే స్టేషన్ ఉంది. రైల్వే పరిభాషలో ఊరి పేరు చివర ‘రోడ్’ అని చేర్చారంటే, ఆ ఊరు స్టేషన్‌ను ఆనుకొని లేదనీ, ఇక్కడ దిగినవారు రోడ్డున మరికొంత దూరం పోవలసి ఉంటుందనీ అర్థం. రాఘవేంద్రస్వామి బృందావనం ఉన్న మంత్రాలయానికి ఇక్కడి నుంచి సుమారు 15 కిలోమీటర్లు. ఆ దూరాన్ని బస్సులూ ఆటోలూ పూరిస్తాయి.

మద్రాసు వైపు నుంచి వచ్చిన మద్రాసు రైల్వే పట్టాలూ, బొంబాయి వైపు నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే పట్టాలూ 1871లో రాయచూరు వద్ద కలిశాయి. రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం, అంటే సజీవంగా సమాధిలో ప్రవేశించడం, 1671లో జరిగింది. ఈ రెండింటి నడుమ సరిగ్గా 200 ఏళ్లు ఉండటం కాకతాళీయం, అనగా కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకే క్షణంలో జరగడం వంటిదే తప్ప మరొకటి కాదు; రెండు రాజధానీ నగరాలను కలపడానికి వేసిన మార్గం క్షేత్రానికి దగ్గరగా పోయిందే గాని, క్షేత్రం కోసం పోలేదు. అయినా గురువారాల్లోనూ, శ్రావణ బహుళంలో వచ్చే ఆరాధన రోజుల్లోనూ ఈ స్టేషన్‌లో దిగేవారిలో అత్యధికులు యాత్రికులే కనుక, శ్రమ లేకుండా చేరిన క్షేత్రం ఫలమిస్తుందా అనే పాత ప్రశ్నకు ఇది తగిన చోటు.

ప్రశ్న నిజంగానే పాతది. మత్స్యపురాణంలోని ప్రయాగ మాహాత్మ్యం ఎద్దుల బండి మీద ప్రయాగకు పోవడాన్ని తీవ్రంగా నిషేధించింది. నిబంధకారులు, అంటే ధర్మశాస్త్ర వచనాలను విషయానుసారం కూర్చి వ్యాఖ్యానించిన పండితులు, ఈ నిషేధం ప్రయాగకే పరిమితమా, అన్ని తీర్థాలకూ వర్తిస్తుందా అని వాదించుకున్నారు. వారి గ్రంథాల్లో కనిపించే ఒక లెక్క ప్రకారం వాహనం యాత్రాఫలంలో సగాన్నీ, గొడుగూ పాదరక్షలూ అందులో సగాన్నీ, వ్యాపారం మూడు వంతులనూ, దానం పుచ్చుకోవడం మొత్తాన్నీ హరిస్తాయి. ఈ లెక్కను కాళ్ల నొప్పికి కొలతగా చదివేవారు రెండు సంగతులు విస్మరిస్తారు. మొదటిది, వ్యాపారమూ దానం పుచ్చుకోవడమూ వాహనం కంటే ఎక్కువ దోషాలని చెప్పడంలో శాస్త్రం దృష్టి నడక మీద కంటే యాత్రికుడి ఉద్దేశం మీద నిలిచింది. రెండోది, మత్స్యపురాణం ఎద్దు వాహనాన్ని నిషేధిస్తూ చెప్పిన కారణం గోవుల ఆగ్రహం. అనగా ఒకరి పుణ్యానికి మరొక ప్రాణి మెడ కాయలు కాయరాదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ప్రయాణించింది పల్లకీలోనే. బోయీల భుజాల మీద సాగిన అటువంటి యాత్రల పక్కన పెట్టి చూస్తే, ఆవిరితో నడిచిన రైలు ఈ దోషం నుంచి చాలావరకు తప్పుకున్నట్టే లెక్క.

ఇంతకంటే బలమైన ఆక్షేపణ గాంధీ 1909లో రాసిన హింద్ స్వరాజ్‌లో ఉంది. పూర్వం కష్టపడి నిజమైన భక్తులే క్షేత్రాలకు చేరేవారనీ, రైళ్లు వచ్చాక వంచకులూ చేరి వాటిని అపవిత్రం చేస్తున్నారనీ ఆయన వాదం. ఇందులో నిజం లేకపోలేదు. కాని కష్టం భక్తిహీనులను మాత్రమే ఆపిందనుకోవడం సరి కాదు, అది ముసలివారినీ, కుంటివారినీ, రోజు కూలి పోతే పస్తుండేవారినీ కూడా ఆపింది. మహాభారతం వనపర్వంలో తీర్థయాత్ర ప్రశస్తమైనదే యజ్ఞాలు చేయలేని దరిద్రులకు అందుబాటులో ఉన్నందువల్ల. ఆ దృష్టితో చూస్తే రిజర్వేషన్ లేని పెట్టెకు ఈ స్టేషన్‌లో కొనే టికెట్టు కూడా ఆ సదుపాయానికి కొనసాగింపే.

రాఘవేంద్రస్వామి అనుసరించిన ద్వైత సిద్ధాంతం పంచభేదాలను అంగీకరిస్తుంది: ఈశ్వరుడు, జీవుడు, జడం అనే వాటి మధ్యా, జీవుడికీ జీవుడికీ మధ్యా, జడానికీ జడానికీ మధ్యా ఉన్న భేదాలు ఐదూ సత్యమే, భ్రాంతి కాదు. ఈ దృష్టిలో దారి దారే, గమ్యం గమ్యమే. ‘రోడ్’ అనే మాట ఆ భేదాన్ని నిజాయితీగా ప్రకటిస్తుంది. మంత్రాలయం చేరాక కూడా బృందావనం కంటే ముందు గ్రామదేవత మంచాలమ్మను దర్శించాలన్న ఆచారం ఉంది కనుక, ఆఖరి గడప మరికొంచెం ముందుకే జరుగుతుంది.

ఇక స్టేషన్‌లో పనిచేసేవారి సంగతి. వేరే పని మీద వచ్చి తీర్థం చూసినవాడికి సగం ఫలమనీ, పరుల కోసం పోయినవాడికి పదహారో వంతనీ నిబంధ గ్రంథాలు చెబుతాయి. ఎన్నడూ క్షేత్రానికి పోకుండా, జీతానికి పట్టాలు కాచి, అర్ధరాత్రి దీపం ఊపి, వేలమందిని దింపి పంపిన ఉద్యోగికి ఎంత వంతు వస్తుందో ఆ లెక్కల్లో లేదు.