సంతకం కూడా సాక్ష్యమే

చేవెళ్ళ, మొయినాబాద్‌ల మధ్య ఒక పల్లెలో మేము కొంతకాలం ఇమామత్ చేశాము. అక్కడి మస్జిదు ఖజాంచి వయసులో పెద్దవారు, తహజ్జుద్ నమాజు కూడా తప్పనివారు. ప్రతి ఏడూ రంజాన్‌కు ముందు, ఇషా నమాజు అయ్యాక, చందా రిజిస్టరు పట్టుకొని మా గదికి వచ్చేవారు. వచ్చింది ఇంత, ఖర్చయింది ఇంత, చేతిలో ఉన్నది ఇంత అని చివరి పేజీలో రాసి ఉండేది. "మౌలానా సాబ్, ఇక్కడొక సంతకం" అనేవారు. మేము పెట్టేవాళ్ళం. "చాచా, ఆ పైకం ఒకసారి చూపించండి" అని మూడేళ్ళలో ఒక్కసారైనా అడగలేదు. అడిగితే ఆయన్ని అవమానించినట్లవుతుందని అనుకున్నాము.

ఆయన మరణించిన తరువాత బీరువా తెరిచి చూస్తే, రిజిస్టరులో రాసినదానికి నలభై వేలు తక్కువ ఉన్నాయి. ఆరా తీస్తే సంగతి తెలిసింది. ఒక నిరుపేద ఇంట్లో ఆపరేషన్ అవసరం వస్తే, పంట రాగానే తిరిగి ఇస్తారన్న నమ్మకంతో ఆయన ఆ డబ్బు బదులిచ్చారు. అది తిరిగి రాలేదు. నలుగురిలో చెప్పడానికి సిగ్గుపడి, "చేతిలో ఉన్నది" అనే రాస్తూ వచ్చారు. కుమారులు ఆ పైకం కట్టేశారు. కానీ జనాజా నాడు కన్నీరు పెట్టినవారిలోనే కొందరు నెల తిరక్కుండా ఆయన్ని దొంగ అన్నారు. ఆ మాట పడటంలో మా వాటా ఎంత?

నమ్మిన మనిషిని లెక్క అడగడం అనుమానించడమేనా? ఈ ప్రశ్న అప్పటి నుండి మమ్మల్ని వెంటాడుతూనే ఉంది.

కాగితం మీది ధనం

మా పల్లెలో వేలల్లో జరిగినది, మన హైదరాబాదులో వేల కోట్లలో జరిగింది. 1987లో స్థాపితమైన సత్యం కంప్యూటర్స్ సంస్థ ఛైర్మన్ బి. రామలింగరాజు 2009 జనవరి 7న తన బోర్డుకు ఒక లేఖ రాశారు. 2008 సెప్టెంబరు 30 నాటి లెక్కల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలని చూపామనీ, అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవనీ ఒప్పుకున్నారు. ఆ మూడు నెలల రాబడిని 2,700 కోట్లుగా చూపగా, నిజానికి వచ్చింది 2,112 కోట్లేనని తెలిపారు. ఆ ఒక్క రోజులోనే కంపెనీ షేరు విలువ నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది.

మనం ఆలోచించవలసిన విషయం ఆ లేఖలోనే మరొకటి ఉంది. అసలు లాభానికీ, రాసిన లాభానికీ మధ్య తేడా మొదట్లో స్వల్పమేననీ, ఏళ్ళు గడిచేకొద్దీ పూడ్చలేనంతగా పెరిగిపోయిందనీ ఆయన రాశారు. 2008 డిసెంబరులో కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సత్యం చేత కొనిపించే ప్రయత్నం కూడా, లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను చేర్చడానికేనని చెప్పుకున్నారు. వాటాదారులు వ్యతిరేకించడంతో అదీ ఆగిపోయింది.

మొదటి ఏడాదిలోనే ఎవరైనా ఆ చిన్న తేడాను పట్టుకొని ఉంటే? అది ఆ సంస్థకు అవమానమయ్యేదా, రక్షణ అయ్యేదా?

చూడకుండా పలికిన సాక్ష్యం

అక్కడ తనిఖీ ఏర్పాట్లు లేకపోలేదు. బోర్డులో స్వతంత్ర డైరెక్టర్లు ఉన్నారు. ఆడిట్ కమిటీ ఉంది. ప్రపంచంలో పేరున్న ప్రైస్ వాటర్‌హౌస్ ఆడిటర్లు ఏటా సంతకం చేశారు. 2008లో ఉత్తమ నిర్వహణకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. మరి లోపం ఎక్కడ?

బ్యాంకులో ఎంత నిల్వ ఉందో ఆడిటరు నేరుగా బ్యాంకునే అడిగి, జవాబు నేరుగా తనకే వచ్చేలా చూసుకోవాలి. ఆడిట్‌లో ఇది మొదటి పాఠం. సత్యం విషయంలో ఈ పనిని కంపెనీ యాజమాన్యం చేతికే వదిలేశారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 2011లో తేల్చి, ఆ ఆడిట్ సంస్థలపై జరిమానా విధించింది. అంటే, ఎవరి మాట నిజమో కాదో చూడాలో, వారి చేతి మీదుగానే రుజువు తెప్పించుకున్నారన్నమాట. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక సీబీఐ కోర్టు రామలింగరాజు సహా మొత్తం పదిమందిని దోషులుగా ప్రకటించింది. వారిలో ఇద్దరు ఆడిటర్లు. మరుసటి నెలలో పై కోర్టు అప్పీలుపై శిక్షను నిలిపివేసి బెయిలు ఇచ్చింది.

ఆడిటరు సంతకం అంటే ఏమిటి? "నేను చూశాను, ఇది నిజం" అని ఊరూపేరూ తెలియని లక్షలమంది ముందు పలికే సాక్ష్యం. అబద్ధపు సాక్ష్యాన్ని ఘోర పాపాలలో లెక్కిస్తూ, ఆనుకొని కూర్చున్న దైవప్రవక్త (స) నిటారుగా లేచి కూర్చొని ఆ మాటను పదే పదే చెప్పారు. వినేవారు ఇక ఆపితే బాగుండునని అనుకునేంతగా చెప్పారు. తెలిసి అబద్ధమాడినవాడూ, చూడకుండా "చూశాను" అన్నవాడూ సమానులు కాకపోవచ్చు. కానీ నమ్మి మోసపోయినవాడికి ఇద్దరి సంతకమూ ఒకటే!

రాయమన్నది ఎవరికి?

దివ్యఖుర్ఆన్‌లో అతి పొడవైన ఆయత్, అల్ బఖరా సూరాలోని 282వది, అప్పుల లెక్క గురించినది. అప్పును రాసుకోవాలనీ, సాక్షులను పెట్టుకోవాలనీ, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోవద్దనీ అందులో ఆదేశం ఉంది. ఈ ఆదేశం మొదట విన్నవారెవరు? సహాబాలు! వారికన్నా నమ్మదగినవారు ఎవరు? అలాంటివారినే రాసుకోమన్నప్పుడు, లెక్క అడగడం అనుమానం ఎలా అవుతుంది? మనిషి మరచిపోతాడు, మొహమాటపడతాడు, రేపు సర్దుతానులే అనుకొంటాడు. ఈ బలహీనతల నుండి అతణ్ణి కాపాడే కరుణే ఆ ఆదేశం.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు చెబితే, జనానికి కనబడేలా ఆ తడి భాగాన్ని పైన ఎందుకు పెట్టలేదని ప్రశ్నించారు. చేవెళ్ళ నుండి పట్నం మార్కెట్లకు టమాటాలు పంపే రైతుకు ఇది వివరించనక్కరలేదు. బుట్టలో పైన ఉన్నవి చూసి ధర కట్టేవాడు, చేయి లోపలికి పెట్టేవాణ్ణి చూసి నేర్చుకోవాలి. కంపెనీ లెక్కలూ ఒక బుట్టే. చేయి లోపలికి పెట్టడమే ఆడిట్.

చట్టం, మనసు

సత్యం ఉదంతం తరువాత 2013లో కొత్త కంపెనీల చట్టం వచ్చింది. లిస్టయిన కంపెనీలో ఒకే ఆడిట్ సంస్థ వరుసగా పదేళ్ళకు మించి ఉండరాదని అది నిర్దేశించింది. మోసం కంటబడితే ఆడిటరు మౌనంగా ఉండరాదని, తెలియజేయాలని విధించింది. కంపెనీలోని ఆర్థిక కట్టుబాట్లు సరిగా పనిచేస్తున్నాయో లేదో కూడా ఆడిటరు చెప్పాలంది. ఆడిటర్లపై నిఘాకు 2018లో ఒక జాతీయ సంస్థ ఏర్పడింది.

ఇవన్నీ మంచివే. అయితే సత్యంలోనూ కమిటీలు, సంతకాలు ఉన్నాయని మరువరాదు. చేయి లోపలికి పెట్టే ధైర్యం చట్టం ఇవ్వదు. దేవునికి జవాబు చెప్పుకోవాలన్న భయం ఇస్తుంది. అలాగే, "అల్లాహ్ చూస్తున్నాడు కదా, మనుషులు చూడటమెందుకు" అనే వాదన కూడా తప్పే. మా ఖజాంచి చాచాకు దైవభీతి ఉంది. లేనిది పక్కన నిలబడి లెక్కపెట్టే మనిషి.

అన్నదమ్ముల ఉమ్మడి దుకాణమైనా, ఆడవాళ్ళ చీటీ అయినా, చెల్లెలి పెళ్ళికి దాచిన సొమ్మయినా, నెలకొకసారి కూర్చొని పైకం కళ్ళారా చూసుకోండి. అడిగేవాడు మర్యాదగా అడగాలి. చూపించేవాడు సంతోషంగా చూపించాలి.

ఆ మస్జిదులో మేముండగానే పద్ధతి మార్చాము. నెలలో చివరి జుమా తరువాత ఇద్దరు కలిసి డబ్బు లెక్కపెట్టాలి, బ్యాంకు పాస్‌బుక్కు అందరికీ చూపాలి. కొత్త ఖజాంచి మొదట చిన్నబుచ్చుకున్నారు. ఆరు నెలల తరువాత ఆయనే, "మౌలానా సాబ్, ఇప్పుడు రాత్రి హాయిగా నిద్ర పడుతోంది" అన్నారు. ఆ నిద్రను పాత చాచాకు మేము ఇవ్వలేకపోయాము.

అల్లాహ్ ఆయన్ని మన్నించుగాక! చూడకుండా పెట్టిన మా సంతకాలను కూడా మన్నించుగాక! ఆమీన్.