బోర్డు మీద వచనం సరే, పాఠంలో ఏముంది?



మన ఆదోని, ఎమ్మిగనూరు సంఘాల్లో టీచర్లుగా పనిచేసే సహోదరీలు తరచుగా ఒక మాట అడుగుతుంటారు: “బ్రదర్, క్లాసులో పాఠంతో పాటు వాక్యం ఎలా చెప్పాలి?” మామూలుగా చేసేది ఏమిటంటే, బోర్డు మూలన ఒక వచనం రాస్తాం. దాని కింద లెక్కలు లెక్కలే, సైన్సు సైన్సే. సాఫ్ట్‌వేర్ పనిలో మేము ప్రోగ్రామ్ మధ్యలో కామెంట్లు రాస్తాం. చదివే మనిషికి అవి బాగుంటాయి గానీ కంప్యూటర్ వాటిని దాటేసి వెళ్ళిపోతుంది. బోర్డు మీది వచనాన్ని పిల్లలు కూడా చాలాసార్లు అలాగే దాటేస్తారు.

నిర్గమకాండము 35వ అధ్యాయం చివర చూడండి. బెసలేలు, అహోలీయాబు అనే ఇద్దరికి దేవుడు పనితనం ఇచ్చాడు. ఆ పనుల్లో నేత కూడా ఉంది. 34వ వచనంలో ఇంకో సంగతి ఉంది, దాన్ని మనం గబగబా చదివేస్తాం. ఆ పని ఇంకొకరికి నేర్పించే మనసును కూడా వాళ్ళలో దేవుడే పెట్టాడట! నేర్పడం కూడా ఆయన ఇచ్చిన వరమే అన్నమాట. 1938లో మాచాని సోమప్ప గారు నేతన్నల సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో మగ్గం గురించి నేను వివరించనక్కరలేదు. పేక పడుగులోకి దూరితేనే బట్ట. పైన అతుకు వేస్తే అది అతుకుగానే కనిపిస్తుంది.

మరి లెక్కల పాఠంలోకి వాక్యం ఎలా దూరుతుంది? ఆదోని పిల్లలకు పత్తి మార్కెట్ యార్డు కొత్త కాదు. ఏడో తరగతికి ఇలా ఒక లెక్క ఇవ్వండి. ఒక రైతు 12 క్వింటాళ్ల పత్తి తెచ్చాడు. కాటా ప్రతి 50 కిలోలకు 2 కిలోలు తక్కువ చూపిస్తోంది. క్వింటాలు ధర 7,000 రూపాయలు అనుకుందాం. రైతు ఎంత నష్టపోయాడు? 48 కిలోలు, అంటే 3,360 రూపాయలు. అక్కడితో ఆపకండి. రోజు కూలి 300 అయితే ఇది ఎన్ని రోజుల కష్టం? 11 రోజులు దాటుతుంది. ఆ అంకె పిల్లవాడు తన చేత్తో రాసినప్పుడు, తప్పుడు త్రాసు అంటే దేవునికి ఎందుకంత అసహ్యమో (సామెతలు 11:1) వాడికి తెలుస్తుంది. అదే లెక్కను కాటా వేసేవాడి వైపు నుంచి కూడా రాయించండి. ఇంట్లో నాన్న హమాలీ అయినా, వ్యాపారి అయినా ఆ పిల్లవాడు ఆలోచనలో పడతాడు.

ఇక్కడ కొంచెం గట్టిగానే ఒక మాట చెప్పాలి. పాఠం సిద్ధపడకుండా వచ్చి, ఆ పీరియడ్‌ను ప్రార్థనతో, పాటలతో నింపేయడం భక్తి కాదు. పిల్లలకు రావలసిన దానిలో కోత పెట్టడమే, అది కూడా తప్పుడు త్రాసే. దానియేలును చూడండి. రాజు భోజనం వద్దన్నాడు గానీ కల్దీయుల చదువు వద్దనలేదు. బాగా చదివాడు, రాజు పరీక్షలో మిగతావాళ్ళకంటే పది రెట్లు మేలుగా నిలిచాడు (దానియేలు 1:20).

ఇంకోటి, బలవంతం. మన ప్రాంతం 1953 అక్టోబరు 1 వరకు బళ్ళారి జిల్లాలో ఉండేది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ బళ్ళారికి వచ్చింది 1810లో. ఆ కాలం నుంచి మిషన్ బడుల్లో బైబిల్ చదివించడం ఉంది, ఎన్నో ఇళ్ళలోకి అక్షరం ఆ దారినే వచ్చింది. ఇప్పుడు మనకు రాజ్యాంగం ఉంది. 28వ అధికరణం ప్రకారం, పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ చేయకూడదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా సహాయం పొందే బడిలో కూడా తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లవాణ్ణి మతబోధలో కూర్చోబెట్టకూడదు. దీన్ని చూసి కొందరు విశ్వాసులు బాధపడతారు. నేను బాధపడను. మేలైన పని కూడా బలవంతంగా కాక ఇష్టపూర్వకంగా జరగాలనే పౌలు ఫిలేమోనును కోరాడు (ఫిలేమోను 14). వచనం అప్పజెప్పలేదని హిందువుల బిడ్డకో ముస్లిముల బిడ్డకో మార్కులు తగ్గిస్తే, ఆ బిడ్డ మనసులో యేసయ్య పేరు పక్కన మిగిలేది ఆ తగ్గిన మార్కే. పైన చెప్పిన పత్తి లెక్క మాత్రం ఏ బడిలోనైనా, ఏ బిడ్డకైనా ఇవ్వచ్చు.

చివరగా హాజరు పట్టీ. మన వైపు పంట పనులు అయిపోతే ఎన్నో కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి అమ్మానాన్న బయలుదేరితే, పిల్లలూ మూటతో పాటు బండి ఎక్కుతారు. లూకా 15లో కాపరికి ఒక గొర్రె తప్పిపోయిందని ఎలా తెలిసింది? లెక్కపెట్టాడు కాబట్టి. తొంభై తొమ్మిది ఉన్నాయిలే అని సరిపెట్టుకోలేదు. మన పట్టీలో వరుసగా పది రోజులు “ఆ” పడిన పేరు దగ్గర ఎవరైనా ఆగుతున్నామా? ఇంట్లో అవ్వ ఉందా, బిడ్డ ఆమె దగ్గర ఉండగలదా, సీజనల్ హాస్టల్లో చోటు దొరుకుతుందా అని బండి కదలక ముందే హెడ్మాస్టరు గారితో మాట్లాడాలి. వెళ్ళిపోయిన బిడ్డ తిరిగొచ్చాక, “ఇన్నాళ్ళు ఎక్కడ చచ్చావు?” అనకుండా, పోయిన పాఠాలకు ఒక నోటుబుక్కు సిద్ధంగా ఉంచండి. దాని మీద వచనం రాయకపోయినా ఫర్వాలేదు.

ఈ ఆదివారం వీడియోలో సుగ్గికి వెళ్ళిన పిల్లల కోసం ప్రార్థన చేస్తున్నాం. మీ క్లాసులో ఎంతమంది వెళ్ళారో సంఖ్య మాత్రం మాకు పంపండి, పేర్లు వద్దు. పేర్లు మీ పట్టీలో, మీ ప్రార్థనలో ఉండనివ్వండి.