సర్దుకుపోయే యంత్రం

బ్రౌజర్ గురించి స్త్రీవాద పత్రికలో మాట్లాడడానికి ఏముంది అనొచ్చు. నాకు మాత్రం అక్కడ మనకి బాగా తెలిసిన మాటే కనబడింది: సర్దుకుపోవడం.

వెబ్ పేజీ లోపలంతా మామూలు రాతే. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది మరో పేజీకి దారి అని చెప్పే గుర్తులు, అంటే ట్యాగులు, మధ్యమధ్యలో ఉంటాయి. తెరిచిన ట్యాగు మూయడం మర్చిపోయినా, ఎన్నడూ వినని ట్యాగు ఎదురైనా బ్రౌజర్ ఆగదు. తోచినట్టు సరిచేసుకుని చూపిస్తుంది. పద్ధతిగా నేర్చుకోని వాళ్ళు కూడా వెబ్‌లో రాయగలిగారంటే ఈ ఓర్పు వల్లే.

ప్రమాణాలు రాసే పెద్దలకిది నచ్చలేదు. 1998 నాటి ఎక్స్ఎంఎల్ ఒక్క తప్పు దొర్లినా చదవడం ఆపెయ్యమంది. 2000లో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ ఆ శిక్షని వెబ్‌కి తెచ్చింది. యాసలో రాస్తే భాషే రాదన్న పండితుల్ని చూసిన మనకిది కొత్త కాదు. దాని రెండో రూపాన్ని 2009లో వదిలేశారు.

అయినా సర్దుబాటుని మెచ్చుకోవడానికి నా మనసొప్పదు. ఒక్కో బ్రౌజర్ ఒక్కోలా సర్దుకునేది. అది ఎలాగో ఎక్కడా రాసి లేదు, పక్కదాన్ని చూసి నేర్చుకోవడమే. వంటింటి పని లాంటిదే, జరుగుతున్నంతకాలం ఎవరి కంటా పడదు. 2004లో ఆపిల్, మొజిల్లా, ఒపేరాల వాళ్ళు మొదలుపెట్టిన కృషి 2014లో హెచ్‌టీఎంఎల్5 ప్రమాణమైంది. ఏ తప్పుకి బ్రౌజర్ ఏం చెయ్యాలో అందులో అడుగడుగునా రాశారు. ఆ చాకిరీ కాగితం మీదకెక్కింది. నా దృష్టిలో వ్యాకరణ శుద్ధి కన్నా ఇదే పెద్ద పని.

కానీ కొన్ని తప్పుల్ని బ్రౌజర్ క్షమిస్తే ఆ భారం ఇంకెవరి మీదో పడుతుంది. బొమ్మకి మాటల్లో వివరణ ఇమ్మని 1999 నాటి మార్గదర్శకాలే చెప్పాయి. ఇవ్వకపోయినా కళ్ళున్నవాళ్ళకి బొమ్మ చక్కగా కనబడుతుంది, లోపం తెలియనే తెలియదు. తెరని చెవులతో చదివే అంధురాలికి వినబడేది ఓ ఫైలు పేరో, 'చిత్రం' అన్న ఒట్టి మాటో. అలాంటి పేజీని బ్రౌజర్ ఆపెయ్యాలా? ఆపితే మొదట మూతపడేవి పెద్ద సంస్థలవి కావు, సాయం లేకుండా ఒంటరిగా రాసుకునేవాళ్ళవి. వాళ్ళలోనూ ఆడవాళ్ళున్నారు. ఆపకపోతే అర్థం కాని చోట ఊహించుకునే పని ఆమెదే. ఈ ఇద్దరిలో ఎవరిని సర్దుకోమనాలో ఏ ప్రమాణాన్నడిగి తేల్చుకోవాలి?