పేరూ ఎరుకా

జీవశాస్త్రం చదువుకొనే విద్యార్థికి తొలి పరీక్ష జీవులతో కాదు, పదాలతో. కణకవచం, హరితరేణువు, ద్రవాభిసరణం, బాష్పోత్సేకం అని వల్లె వేసినవానికి మార్కులు వస్తాయి; చెట్టు ఎరుక వస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఎరుగని వస్తువు పేరును ఎరిగినట్టు పలకడం కేవలం బోధనాలోపమా, లేక అది కూడ ఒక విధమైన అసత్యమేనా? ఈ ప్రశ్నను విచారించడానికి కోల్‌కతా నగరపు విజ్ఞానచరిత్ర కొన్ని గట్టి నిదర్శనాలను అందిస్తున్నది.

1901లో, అప్పటికి కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడైన జగదీశ్ చంద్ర బోస్, లండన్ రాయల్ సొసైటీ ఎదుట తన పరిశోధనను వినిపించారు. ఉత్తేజపరిచినప్పుడు మొక్కల్లోనూ, లోహాల్లోనూ కనిపించే విద్యుత్ స్పందన ఆయన విషయం. శరీరధర్మశాస్త్రంలో పేరెన్నికగన్న బర్డన్ శాండర్సన్ లేవదీసిన అభ్యంతరాల్లో ఒకటి కేవలం పదానికి సంబంధించినది. స్పందన అన్నది శరీరధర్మశాస్త్రజ్ఞుల మాట గనుక దాన్ని తొలగించి ప్రతిచర్య అని వాడవలసిందని ఆయన సూచన. బోస్ అంగీకరించలేదు. వ్యాసప్రచురణ నిలిచిపోయింది.

పైపైన చూస్తే ఇది పండితుల పట్టుదలగా కనిపిస్తుంది. పదం మార్చినంత మాత్రాన కొలతల్లో ఒక్క అంకె మారదు కదా! కాని ప్రతిచర్య అనే మాట ఆమ్లానికీ క్షారానికీ కూడ చెల్లుతుంది. స్పందన అన్నప్పుడు మాత్రం స్పందించేది ఏదో లోపల ఉన్నదన్న భావం తప్పదు. పదాన్ని ఒప్పుకోవడమంటే మొక్క పట్ల ఒక వైఖరిని ఒప్పుకోవడమే. బోస్ తన పదాన్ని కొన్నిచోట్ల సాక్ష్యానికి మించి సాగదీశారన్న విమర్శ ఉన్నది. అది తోసిపుచ్చదగినది కాదు. అయినా నేడు మన పదో తరగతి బాలుడు ఉద్దీపన, ప్రతిస్పందన అనే జంటపదాలను మొక్కలకు అన్వయించి నిశ్చింతగా అప్పజెప్పుతున్నాడు. ఆ మాట కోసం ఒకరు తన వ్యాసాన్నే వదులుకున్నారని వానికెవరూ చెప్పరు.

బోస్‌కు పేర్లతో మరొక చిక్కు కూడ వచ్చింది. తన పరికరాలకు ఆయన మొదట కుంచనమాన్, శోషణమాన్ అని సంస్కృతనామాలు పెట్టారు. విదేశాల్లో కుంచనం కాస్తా కాంచనమైపోయింది! ముడుచుకోవడాన్ని కొలిచే యంత్రం బంగారు యంత్రమైంది. పెరుగుదలను వేల రెట్లు పెద్దదిగా చూపే పరికరానికి వృద్ధిమాన్ అని పెడితే అది బర్ద్వాన్ పట్టణమై కూర్చుంటుందని భావించి, చివరకు క్రెస్కోగ్రాఫ్ అనే లాటిన్ గ్రీకుల కలగలుపుతో సరిపెట్టుకున్నారు. 1921లో వెలువడిన తన వంగభాషా గ్రంథం అవ్యక్తలో ఆయన ఈ ముచ్చటను హాస్యంగానే చెప్పారు. హాస్యం వెనుక ఉన్న నొప్పి తెలుగువారికి అర్థం కాకపోదు. 1917లో స్థాపించిన పరిశోధనాలయానికి మాత్రం ఆయన వసు విజ్ఞానమందిరమని తన భాషలోనే పేరు నిలుపుకున్నారు.

అంతమాత్రాన దేశీయపదం వచ్చి చేరితే చాలుననుకోవడం తొందరపాటు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాలను ఎంతో శ్రమకోర్చి సిద్ధం చేసింది. ఆ శ్రమను తక్కువ చేయరాదు. కాని కిరణజన్య సంయోగక్రియ అనే సమాసం పల్లెటూరి పిల్లకు ఫొటోసింథసిస్ కన్నా దగ్గరిదని ఎవరు చెప్పగలరు? పుప్పొడి, తొడిమ, ఈనె అనే మాటల సంగతి వేరు. అవి బడికి రాకముందే ఆ పిల్ల చేతివేళ్లకు తెలుసు. బాష్పోత్సేకం కూడ అలా తెలియడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. ఒక కొమ్మకు గాజుసంచి కట్టి, మధ్యాహ్నానికి లోపల పట్టిన చెమ్మను చూపితే ఆ బరువైన మాట తేలికవుతుంది. చూపకుండా రాయించే ఉపాధ్యాయుడు ఏ భాషలో రాయించినా ఒకటే.

ఇలా చేతివేళ్లకు తెలిసిన తెలుగుమాటల్లో ఒకటి ఎంతో దూరం ప్రయాణించింది. విలియం రాక్స్‌బరో 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ కోరమండల్ తీరపు మొక్కలను వర్ణించి, చిత్రాలు గీయించి, తెలుగువారి నోట విన్న పేర్లను కూడ రాసుకున్నాడు. 1793లో కలకత్తా ఎదుట, హుగ్లీ ఆవలి గట్టున ఉన్న శివపూర్ ఉద్యానానికి అధిపతిగా వెళ్లాడు. జ్వరానికి బెరడు పనికివస్తుందని చెప్పిన సోమిద చెట్టును ఆయన వర్ణించగా, 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జుస్యూ ఆ తెలుగుపేరునే ప్రజాతినామంగా స్థిరపరిచాడు. నేడు ఏ దేశపు విద్యార్థి అయినా దాన్ని సోయ్‌మిడా అనే పలకాలి. బోస్ సంస్కృతానికి దొరకని స్థానం సామర్లకోట తెలుగుకు దొరికింది. పలికినవాడు మనవాడే అయినా, రాసినవాడు దొర కావడమే అందుకు కారణమేమో!

శివపూర్ తోటకు 2009లో జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టారు. సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా అని పూర్తిగా రాసేటప్పుడు వెనుక రాక్స్‌బరో, జుస్యూల పేర్లను కుదించి చేర్చడం శాస్త్రసంప్రదాయం. చెట్టు దగ్గరకు తీసుకువెళ్లి, ఇది సోమిద అని చెప్పిన మనిషికి ఆ సంప్రదాయంలో చోటు లేదు.