చక్కెర జబ్బు గల బిడ్డయు, ఇంటి సమాధానమును

ధ్యాన భాగము: యోహాను 9:1-3



పుట్టు గ్రుడ్డివానిని చూచి, ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగిరి. తప్పు వానిదని గాని, కన్నవారిదని గాని ప్రభువు ఒప్పుకొనలేదు. అయినను ఆ ప్రశ్న నేటికిని మన ఇండ్లలో వినబడుచున్నది.

మన ఎల్లంతకుంట ప్రాంతమున ఒక బిడ్డకు చక్కెర జబ్బు వచ్చినదనుకొందము. "ఇది మీ తల్లిగారింటి బీమారి" అని అత్త కోడలిని అనును. "నువ్వు మంచిగ చూస్తలేవు" అని దుబాయిలోనున్న తండ్రి ఫోనులో కోపించును. తల్లి ఆ కోపమును బిడ్డమీద చూపును. ఈ కొట్లాటంతయు నా మూలముననే అని బిడ్డ కుములును. సూది వేసుకొనకయే వేసుకొంటినని చెప్పును.

పిల్లలకు ఎక్కువగా వచ్చు మొదటి రకపు మధుమేహము ఎవరి పాపఫలమును కాదు, మిఠాయిలు తినుటవలన వచ్చునదియు కాదు. శరీరమును కాపాడవలసిన రక్షణ శక్తియే క్లోమములో ఇన్సులిను తయారుచేయు కణములను నాశనము చేయుటవలన అది కలుగును. 1922 జనవరిలో కెనడా దేశపు టొరంటో నగరమున లియొనార్డు థాంసను అను 14 ఏండ్ల బాలునికి మొట్టమొదట ఇన్సులిను సూది వేసిరి. అంతకుముందు ఇట్టి పిల్లలు ఎక్కువ కాలము బ్రదుకలేదు. కాబట్టి మనము ప్రార్థింతము గాని, ప్రార్థన పేరట సూది మాన్పింపకూడదు. ఆ మందును దేవుని యీవియే.

ఇంటి కలహము బిడ్డ రక్తమునకు ఎట్లు తగులును? భయము, దిగులు కలిగినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అను హార్మోనులు ఊరును. అప్పుడు కాలేయము చక్కెరను రక్తములోనికి విడుచును. 1970వ దశకమున అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సాల్వడార్ మినూచిన్ అను వైద్యుడును, ఆయన తోటివారును కొందరు మధుమేహపు పిల్లలను పరీక్షించిరి. తలిదండ్రుల వాదులాటను చూచిన పిల్లల రక్తములో కొవ్వు ఆమ్లములు పెరుగుట కనుగొనిరి. ఆ పిల్లలు కొద్దిమందియే గనుక అందరికిని అట్లే జరుగునని అనలేము. కలహమువలన ఈ జబ్బు పుట్టదు. అయితే కలహమున్న ఇంట అన్నము వేళ తప్పును, సూది వేళ తప్పును.

కాబట్టి మనమేమి చేయుదము? సూది వేళకు ఇంటి పెద్ద ఒకరు బిడ్డయొద్ద కూర్చుండవలెను. చక్కెర లెక్క ఎక్కువైనను తిట్టకూడదు. అది బిడ్డ గుణమునకు వేసిన మార్కు కాదు, మందు సరిచూచుకొనుటకు గుర్తు మాత్రమే. తిట్టిన ఇంట బిడ్డ అబద్ధము నేర్చును. చెమటపట్టి వణకినయెడల చక్కెర తగ్గినదేమోనని తలంచి వెంటనే చక్కెర నీళ్లు త్రాగింపవలెను. తెలివి తప్పినయెడల నోట ఏమియు పోయక ఆసుపత్రికి తీసికొని పోవలెను. వాంతులు, ఆయాసము కలిగినను ఆలస్యము చేయరాదు.

పిల్లలకు కోపము రేపవద్దని పౌలు ఎఫెసీ సంఘములోని తండ్రులకు వ్రాసెను. ఆ మాట దూరదేశమునుండి ఫోనులో మాటలాడు తండ్రికిని, ఇంటనున్న మనకందరికిని చెందును. తప్పు ఎవరిదని అడుగుట మాని, నేడు ఈ బిడ్డకు సూది వేయువారెవరని అడుగుదము. సమాధానకర్తయగు దేవుడు మన ఇండ్లలో నివసించును గాక. ఆమేన్.